కృష్ణ నీళ్ళ కోసం పోతే ఖాళీ బిందెలు ఎదురొచ్చాయి

మద్రాసు వెళ్ళొచ్చాను. ఇప్పుడు దాన్ని చెన్నై అనాలట. పేరు మారి ఏడాది దాటింది గాని, టిక్కెట్టు కోసిన గుమాస్తా దగ్గర్నించి మా ఆవిడ దాకా అందరూ మద్రాసనే అంటున్నారు. నేనూ అంతే.

వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించీ, పట్టుచీరల గురించీ మీకు ఈసరికే చెప్పి చెవులు చిల్లులు పెట్టి ఉంటారు. నేను వెళ్ళింది మాత్రం నీళ్ళు చూడ్డానికి. నవ్వకండి. ముప్ఫై ఏళ్ళు కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. మా కృష్ణ నీళ్ళు కాలవ తవ్వి మద్రాసు పంపించారని పేపర్లో చదివిన నాటినించీ ఒకటే కోరిక. పిల్లని అత్తారింటికి పంపాక ఒకసారి వెళ్ళి ఎలా ఉందో చూసి రావాలి కదా. ఎండాకాలం అయితే కష్టసుఖాలు బాగా తెలుస్తాయని మే నెలలోనే తెనాలిలో రైలెక్కాను.

సెంట్రల్ స్టేషను

మంగళవారం పొద్దున్నే దిగాను. మొహం కడుక్కుందామని ప్లాట్‌ఫారం మీద కుళాయి తిప్పితే అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పక్క కుళాయి ఆపాటి మర్యాద కూడా చెయ్యలేదు. కుళాయిల వరసకి సరిగ్గా ఎదురుగా ఒక కొట్టు, దాన్నిండా నీళ్ళ సీసాలు. ఆ కొట్టు అక్కడే ఎందుకు పెట్టారో అడిగేంత అమాయకుణ్ణి కాను, నేనూ సర్కారు ఉద్యోగం చేసినవాణ్ణే.

"తణ్ణి వేణుమా సార్?" అన్నాడు కొట్టతను. తన్ని పంపించమంటారా అని అడిగినట్టు వినబడి రెండడుగులు వెనక్కి వేశాను. అరవంలో తణ్ణి అంటే నీళ్ళని గుర్తొచ్చాక ముందుకొచ్చి ధర అడిగాను. పన్నెండు రూపాయలన్నాడు. ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశాను. మా తెనాలిలో ఇంచుమించు ఆ ధరకి లీటరు పాలొస్తాయి. పైగా అందులో నీళ్ళు ఊరికే కలిపి ఇస్తారు.

చివరికి కొన్నాను, మొహానికి మూడు పుడిసిళ్ళు ఖర్చుపెట్టి మిగతాది సంచిలో దాచాను. సీసా మీద మంచు కొండల బొమ్మ ఉంది. "మా కృష్ణ నీళ్ళు లేవా?" అని కొట్టతన్ని అడిగితే, అదేదో కొత్త కంపెనీ అనుకున్నాడు. "ఆ సరుకు ఇంకా రాలేదు సార్," అన్నాడు.

మైలాపూరు

ఒకప్పుడు మా ఆఫీసులోనే పనిచేసి, పై పరీక్ష పాసై మద్రాసు వచ్చేసిన విశ్వనాథం మైలాపూరులో ఉంటాడు. గాలిలో వంతెన కట్టి దానిమీద నడిపే కొత్త రైల్లో వెళ్ళాను. దిగిన స్టేషను మా జిల్లా కలెక్టరాఫీసుకి రెండింతలుంది. దిగినవాళ్ళం పదకొండుమందిమి. అంత కట్టడంలో గొంతు తడుపుకోడానికి నాకొక్క కుళాయి కనిపించలేదు. కనిపించిందల్లా మళ్ళీ మంచు కొండల కొట్టు.

విశ్వనాథం వాళ్ళ ఫ్లాట్ల చోట ఇదివరకు ఒక పాత ఇల్లు, దానికో మంచి బావి ఉండేవట. ఇల్లు కొట్టేసి, బావి పూడ్చేసి, బోరు వేశారు. బోరు ఎండితే పక్కన ఇంకా లోతుగా ఇంకోటి వేశారు. అదీ ఎండింది. ఇప్పుడు లారీ వస్తుంది. నేను వెళ్ళేసరికి లారీ గొట్టం కింద తొట్టిలోకి నీళ్ళు వదులుతుంటే, ఫ్లాట్ల సంఘం కార్యదర్శి ఒక కర్ర ముంచి లోతు చూస్తున్నాడు. ఆయన హైకోర్టు వకీలట.

"అంతా ప్రైవేటు. ఫోన్ కొడితే చాలు, గుమ్మంలో ఉంటుంది. మీ తెనాలిలో ఉందా ఈ సౌకర్యం?" అన్నాడు విశ్వనాథం.

"లేదు. మాకు కుళాయి తిప్పితే వస్తాయి," అన్నాను. "ఈ లారీకి నీళ్ళెక్కణ్ణించి?"

"ఊరి బయట పల్లెల్లోంచి. రైతులు వరి మానేసి నీళ్ళే అమ్ముతున్నారు. రాత్రీ పగలూ మోటార్లు తోడుతూనే ఉంటాయి. వాళ్ళకీ లాభం, మనకీ లాభం. దీన్నే మార్కెట్టంటారు."

"మరి వాళ్ళు తినేదేమిటి?"

"కొనుక్కుంటారు."

"వరి ఎవరు పండిస్తారు?"

"నువ్వింకా పాతకాలంలోనే ఉన్నావురా సుబ్బారావూ," అని జాలిపడ్డాడు.

మధ్యాహ్నం అరిటాకులో భోజనం పెట్టారు. మజ్జిగ పులుసు, బీన్స్ కూర, అప్పళం. ఎంత సంప్రదాయం, పట్నంలో కూడా ఆకు వదల్లేదు అని మెచ్చుకున్నాను. వాళ్ళావిడ మొహమాటంగా నవ్వి, "కంచాలు కడగాలంటే నీళ్ళు ఖర్చండీ," అంది. కృష్ణ నీళ్ళు వచ్చాయా అని అడిగాను. వచ్చాయనీ, పేపర్లో చూశామనీ చెప్పారు.

వ్యాసర్పాడి

మా చిన్నతాత వెనకటికి రైల్వే కూలీగా మద్రాసు వెళ్ళి యార్డు పక్కనే స్థిరపడ్డాడు. ఆయన కూతురు రాజమ్మత్తకి ఇప్పుడు డెబ్భై దగ్గర పడ్డాయి. ఇప్పటికీ నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. బుధవారం ఆ ఇంటికి చేరాను.

"ఏమిరా సుబ్బా, ఇప్పుడా తీరిందా నీకు? దా, కూసో. కాపీ తాగతావా? కాపీ అయితే ఇస్తా. ఉత్త తణ్ణి మాత్రం అడగబాక!" అని నవ్వింది.

అర గ్లాసు కాఫీ తాగుతూ సందులోకి చూస్తే ఒక విచిత్రం కనిపించింది. సందు మొదట్లో ఒక కుళాయి. దాని దగ్గర్నించి గోడ వెంబడే ప్లాస్టిక్ బిందెలు వరసగా నిలబడి ఉన్నాయి. వీటిని వాళ్ళు కొడాలంటారు. పచ్చవి, ఎర్రవి, నీలివి. ఒకదాని మెడకి గుడ్డపీలిక, ఒకదాని మీద మేకు కాల్చి పెట్టిన గుర్తు. మధ్యలో ఒక ఇటుక. మనిషి ఒక్కడు లేడు.

"ఇటుకెందుకత్తా?"

"అది మేరీ కొడం. చిల్లి బడితే మాటేయను ఇచ్చింది. వొచ్చేదాకా ఇటుకే దాని కొడం."

రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి ఈ కుళాయిలో నీళ్ళొస్తాయి. ఆడవాళ్ళంతా పనుల్లోకి పోతారు కాబట్టి వాళ్ళ బదులు కొడాలు నిలబడతాయి. మర్నాడు వచ్చే నీళ్ళకి ముందురోజే వరస మొదలు. ఎవరి కొడాన్ని ఎవరూ ముట్టరు. మా ఊళ్ళో సినిమా టిక్కెట్ల దగ్గర మనుషులే తిన్నగా నిలబడరు. ఇక్కడ ఇటుక కూడా క్రమశిక్షణగా నిలబడింది. నాకు ఆ వరస మీద గౌరవం కలిగింది. ఆ గౌరవమే మర్నాడు కొంప ముంచింది.

అత్త పెట్టె అడుగునించి ఒక కాగితం తీసి చదవమంది. వీధి కుళాయి "ఆవశ్యకతను పరిశీలించుటకు" గురువారం ఇంజనీరుగారు స్వయంగా వస్తున్నారని ఇంగ్లీషులో ఉంది. దాని వెనక కథ అత్తకి ప్యూను చెప్పాడట. ఇప్పుడంతా రిఫారమ్స్ అట, ఊరికే నీళ్ళు పోసే కాలం పోయిందట, కుళాయిలు ఒక్కొక్కటే తీసేసి కాంట్రాక్టరు లారీ పెడతారట.

"ఏ ఫారమైతే ఏమి, ఏడ వేలిముద్ర వెయ్యాలో జెప్పమన్నా. వాడు నవ్వతాడు," అంది అత్త. తర్వాత నవ్వు పోయింది. "కుళాయి పీకితే లారీకాడ కొడం రూపాయి పెట్టి కొనాల్రా. ఇంటికి దినానికి పది కొడాలు. తోమి తెచ్చేది నీళ్ళకే పోతే తినేదేంది? ఈ సందులో పుట్టినా, ఈడ్నే ముసిలైపోయినా. ఇంక ఏడికి పోయేది?"

భయపడొద్దనీ, ముప్ఫై ఏళ్ళు తనిఖీలు చూసినవాణ్ణి, నేను చూసుకుంటాననీ మాటిచ్చాను.

అంబత్తూరు

తనిఖీ మధ్యాహ్నం మూడింటికి. పొద్దుట ఖాళీగా ఉండటం ఎందుకని, అత్త మనవరాలు మల్లికతో ఆమె పనిచేసే ఫ్యాక్టరీ చూడ్డానికి బస్సులో వెళ్ళాను. ఇంజన్లకీ సైకిళ్ళకీ విడిభాగాలు చేసే షెడ్లు వరసగా ఉన్నాయి. కొన్నిటికి తాళాలు పడ్డాయి. తాళం పడిన ఒక షెడ్డుకి కొత్త రంగు వేసి అందులో మల్లిక వాళ్ళ కంపెనీ పెట్టారు. గేటు మీద మంచు కొండల బొమ్మ చూసి పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వొచ్చింది. పెరట్లో ధడధడమని రెండు బోర్లు తోడుతున్నాయి. ఆ మంచు కొండలు అంబత్తూరు మట్టి కిందే ఉన్నాయన్నమాట. షెడ్లు వేసుకోడానికి ఆ భూమి సర్కారు ఇచ్చింది, దాని కిందున్న నీళ్ళు ఎవరివని ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చిన ఖర్చల్లా సీసాది, బొమ్మది.

మల్లిక సంచిలోంచి ఒక నీళ్ళ సీసా తొంగిచూస్తోంది.

"ఇదేమిటమ్మా, నీళ్ళ కంపెనీకి నీళ్ళు మోసుకొస్తున్నావు?"

"లోపల ఒక బాటిల్ తాగితే కూలిలో పట్టుకుంటారు మామ. అదాన్, అందుకే మన సందు కుళాయి నీళ్ళే తెచ్చుకునేది. అదీ పోతే తెలీదు," అని గేట్లోకి వెళ్ళిపోయింది. వాచ్‌మన్ ఆ సీసా మూత తీసి, వాసన చూసి, లోపలికి వదిలాడు.

మళ్ళీ వ్యాసర్పాడి

ఇక నా ప్రతాపం వినండి.

తనిఖీ అంటే నా సర్వీసులో నేర్చుకున్నది ఒకటే. దొరగారు వచ్చే దారి ఊడవాలి, సున్నం గీతలు గియ్యాలి, అడ్డమైనవన్నీ కనబడకుండా సర్దాలి. ఊడ్చాను. సున్నం దొరకలేదు గాని పక్కింటి మేరీ ముగ్గుపిండి ఇచ్చింది. అప్పుడు అత్త చెప్పింది, "సారు రాహుకాలం జూస్కోని మూడు గంటల మీద వొస్తాడంట. ప్యూను జెప్పినాడు."

అంత పట్టింపు ఉన్న మనిషి సందులో అడుగుపెట్టగానే ఎదురుగా ఏమున్నాయి? ముప్ఫై ఖాళీ బిందెలు! మా వైపు ఒక్క ఖాళీ బిందె ఎదురొస్తేనే పెళ్ళిచూపులకి బయల్దేరినవాళ్ళు ఇంట్లోకొచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరతారు. ముప్ఫై ఎదురైతే ఆ పెద్దమనిషి కుళాయినే కాదు, సందునే పీకించేస్తాడు.

అత్తకీ నిజమే అనిపించింది. "అవునురా, మనసు విరిగిపోతాది," అంది. ఇద్దరం, మేరీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి కొడాలన్నీ మోసుకెళ్ళి అత్త ఇంట్లో దాచి తలుపేశాం. ఇటుకని కూడా వదల్లేదు. సందు అద్దంలా ఉంది. నేను గర్వంగా సందు మొదట్లో నిలబడ్డాను.

ఇంజనీరుగారు జీపు దిగారు. నుదుట విభూతి, చేతికి ఎర్రతాడు. కుళాయి చూశారు, సందు ఆ చివరిదాకా చూశారు. నేను తప్ప ఎక్కడా ఒక మనిషిగాని ఒక పాత్రగాని లేదు. అసిస్టెంటుని పిలిచి ఫోటో తీయించారు.

"డిమాండ్ నిల్," అన్నారు ఇంగ్లీషులో. అసిస్టెంటు రాసుకున్నాడు.

నాకు అర్థమయ్యేసరికి ఆయన సగం జీపెక్కారు. అత్త పరిగెత్తి తలుపు తీసి కొడాలు బయటికి విసురుతూ అరిచింది. "ఇవో సారూ, ఇవో, మా కొడాలు!"

"ఇప్పుడు తెచ్చి పెడితే చెల్లదు. ఫోటో అయిపోయింది," అన్నారాయన అరవంలో. జీపు పోయింది.

సరిగ్గా నాలుగింటికి కుళాయిలో నీళ్ళొచ్చాయి. నేను వరస చెరిపేశాను కదా, ఎవరి కొడం ఎవరి వెనకో ఎవరికీ తెలీదు. ఎన్నేళ్ళుగానో గొడవ లేని సందులో జుట్టు జుట్టు పట్టుకున్నారు. మేరీ మధ్యలో నిలబడి తన ఇటుక కోసం వెతికింది. పనినించి వచ్చిన మల్లిక సంగతి విని నా చేతిలో కొడం లాక్కుని పోయింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆ రాత్రి అన్నం వద్దని గుమ్మంలో కూర్చున్నాను.

అత్తే నా పక్కన కూర్చుంది. "నిన్న వాడికి ఎదురు గాకూడదని దాచినాం గదా. రేపు ఎదురు పెడదాం పా," అంది.

"ఇవాళేగా అత్తా దాచింది," అన్నాను.

"నీకు లెక్కలొకటి! పండుకో."

ఆఫీసు గేటు

శుక్రవారం రాహుకాలం పదిన్నరకి మొదలవుతుంది. పావుతక్కువ పదికల్లా ముప్ఫై కొడాలూ, ఒక ఇటుకా మూడు తొక్కుడు బళ్ళమీద ఇంజనీరుగారి నీళ్ళ ఆఫీసుకి చేరాయి. మల్లిక పని మానేసి వచ్చింది. సందులో ఎలా నిలబడతాయో అలాగే గేటుకి అడ్డంగా వరస కట్టించింది. ఈసారి నన్ను ఒక్క కొడాన్ని కూడా ముట్టనివ్వలేదు.

గుమాస్తాలు వచ్చేవాళ్ళు వస్తున్నారు, కొడాలు చూసి ఆగుతున్నారు. ఒకాయన చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. ఒకావిడ వెనక్కి తిరిగి టీకొట్టు దాకా నడిచి, అక్కణ్ణించి కొత్తగా బయల్దేరినట్టు మళ్ళీ వచ్చింది. కొడాలు అక్కడే ఉన్నాయి. పదీ పదిహేనుకి ఇంజనీరుగారి కారొచ్చింది. అద్దంలోంచి వరస చూశారు, గడియారం చూశారు. ముందుకి పోతే ఖాళీ బిందెలు, ఆగితే రాహుకాలం. పాపం, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా అయింది ఆయన పని. నుయ్యి అనడం తప్పేలెండి, ఆ ఊళ్ళో నూతులన్నీ పూడ్చేశారు.

కారు దిగి గబగబా వచ్చారు. అప్పటిదాకా ఇంగ్లీషూ అరవమూ తప్ప రాని నోట అచ్చమైన తెలుగు వచ్చింది.

"ఏం పెద్దమ్మా, పొద్దున్నే ఖాళీ కొడాలు ఎదురు పెడతారా? మీరు మనోళ్ళేనా?"

"మనోళ్ళమే సారూ. అందుకే గదా మీకు ఎదురు గాకూడదని నిన్న దాచిపెట్టినాం. మీరేమో నిల్లంటిరి."

ఆయన మళ్ళీ గడియారం చూశారు. లోపల ఆవరణలో ఒక కాంట్రాక్టరు లారీ నిలబడి ఉంది. దాన్ని చూపించి, "వీటిని నింపు, సీక్రం," అని డ్రైవరుని కేకేశారు. అవి బుకింగయిన నీళ్ళని వాడు నసిగాడు. "నింపరా!" అని ఆయన అరిచారు. గొట్టం వచ్చింది. మొదటి కొడం సగం నిండేసరికి అత్త దాని మూతి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ పొద్దు నింపతారు సారూ. రేపు? కుళాయి పీకేస్తే మాకు దినమూ ఖాళీయే. దినమూ ఈడికే తెచ్చి పెడతాం. మీరు రాహుకాలం జూస్కోండి, మేం మీ టయం జూస్కుంటాం."

పదీ ఇరవయ్యయిదు. ఇంజనీరుగారు కారు బానెట్ మీద ఫైలు పరిచి, "డిమాండ్ నిల్" కొట్టేసి, "వాడుకలో ఉన్నది, తదుపరి పరిశీలన వరకు ఉంచవచ్చును" అని రాసి సంతకం చేశారు. చదివి చెప్పింది నేనే. ఆ యాత్రలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. అత్త చెయ్యి తీసింది. నిండిన కొడాల మధ్యనుంచి ఆయన పెళ్ళికొడుకులా కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచారు.

కుళాయి నిలిచింది. తదుపరి పరిశీలన ఎప్పుడో ఫైల్లో రాయలేదు. ఆ రాయకపోవడం ఎలాంటిదో ముప్ఫై ఏళ్ళ గుమాస్తాగా నాకు బాగా తెలుసు.

తిరుగు దారి

శనివారం కుళాయిలో నీళ్ళొచ్చాయి. దోసిట్లో పట్టి తాగాను. తుప్పు వాసన. "ఇవి మా కృష్ణ నీళ్ళేనా అత్తా?" అన్నాను.

"కృష్ణో, ఏ చెరువో, నాకేం దెలుసురా? వొస్తాండాయి గదా," అంది.

నేను సంచి తీసుకుని బయల్దేరుతుంటే అత్త కనబడలేదు. సందు మొదటికి వచ్చేసరికి ఎదురుగా వస్తోంది, చంకలో అంచుదాకా నిండిన కొడం పెట్టుకుని. ఆ నడుంతో అంత బరువు ఎందుకు, దించమన్నాను. "మూసుకోని పోరా. నిండు కొడం ఎదురొచ్చినా గదా, క్షేమంగా పోతావు," అంది. కళ్ళు తుడుచుకుని రైలెక్కాను.

ఆదివారం పొద్దున తెనాలిలో దిగి ఇంటికి నడిచాను. మా వీధి మొదట్లో, మున్సిపాలిటీ కుళాయి దగ్గర, ఫైలు పట్టుకుని ఒకతను, కెమెరా పట్టుకుని ఇంకొకతను నిలబడి వీధి ఈ చివరినించి ఆ చివరిదాకా చూస్తున్నారు. ఆదివారం పూట వీధంతా శుభ్రంగా, ఖాళీగా ఉంది. మా ఊళ్ళో బిందెల్ని ఎవరూ బయట పెట్టుకోరు.

గబగబా ఇంట్లోకి వెళ్ళి, కాళ్ళకి నీళ్ళు తెచ్చిన మా ఆవిడ చేతిలో చెంబు పక్కన పెట్టించి, ఇంట్లో ఉన్న ఖాళీ బిందెలన్నీ తెచ్చి వీధిలో వరసగా పెట్టమన్నాను. ఇరుగుపొరుగు వాళ్ళని కూడా పెట్టమని కేకేశాను.

"ఊరినించి వచ్చీ రాగానే ఖాళీ బిందెలేమిటండీ, అపశకునం!" అంది.

"మనకి కాదులే, తే," అన్నాను. బిందె లేనివాళ్ళు ఇటుక పెట్టినా సరిపోతుందని చెప్పాను.